వరద, కరవు, ఎండ, విపత్తు చట్టం: తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వాన ముంచెత్తినా, ముఖం చాటేసినా, ఎండ ముదిరినా మన రెండు జిల్లాల్లో జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. నష్టపోతే సాయం ఎంతొస్తుందని అందరూ అడుగుతారు. అది అడగాల్సిందే, దానికి కింద జవాబుంది. అయితే నీళ్లు రాకముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. ప్రాణాలు నిలబెట్టేవి అవే కాబట్టి వాటికి ఎక్కువ చోటిచ్చాం.

మనది కరవు సీమ కదా, తుపాన్లతో మనకేం పని?

ఈ ధీమాయే మనల్ని దెబ్బతీస్తోంది. కోస్తా వాళ్లకు తుపాను అంటే గాలి, ఉప్పెన, వాన. మనకు వచ్చేది వాన ఒక్కటే, అది మాత్రం కొండల మీద పడి కిందికి ఉరుకుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు పుదుచ్చేరి, చెన్నై, నెల్లూరు వైపు వస్తుంటాయి. అవి తీరం దాటేది ఎక్కడో కావచ్చు. సముద్రం మీంచి వచ్చిన తేమగాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేచి చల్లబడినప్పుడు కుండపోత పడేది మాత్రం మన నెత్తినే.

2020 నవంబర్‌లో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. 2022 డిసెంబర్‌లో మాండూస్ మహాబలిపురం దగ్గర, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటాయి. ఏ ఒక్కటీ మన మీదుగా తీరం దాటకపోయినా మన చెరువులు, వంకలు పొంగాయి. అందుకే ‘తుపాను తమిళనాడుకట’ అని టీవీ కట్టేయొద్దు. పైగా 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక తడ, సూళ్లూరుపేట, పులికాట్ సరస్సు కూడా మన జిల్లాలోకే వచ్చాయి. అంటే సముద్రం ఇప్పుడు మన జిల్లా సరిహద్దే.

2021 నవంబర్‌లో అసలేం జరిగింది?

బంగాళాఖాతంలోని వాయుగుండం 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెన్నై దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజు నుంచే తిరుపతి, తిరుమల నీళ్లలో చిక్కుకున్నాయి. ఘాట్ రోడ్లు మూసేశారు. అలిపిరి మెట్ల దారి వాగైపోయింది. శ్రీవారి మెట్టు దారి కోసుకుపోయి మళ్లీ 2022 మే నెలలో గానీ తెరుచుకోలేదు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి పడ్డ నీరు కిందున్న కాలనీల్లోకి దూసుకొచ్చింది. స్వర్ణముఖి మీద వంతెనలు దెబ్బతిన్నాయి. డిసెంబర్ 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు విరిగిపడ్డాయి.

అదే 19న పక్కనే, నాటి కడప జిల్లాలో, చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్టకు గండి పడి ఆ నీరు కూడా వచ్చి చేరింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్లు క్షణాల్లో మునిగాయి, పదుల మంది చనిపోయారు. ఆ చెయ్యేటికి నీళ్లిచ్చే వాగుల్లో కొన్ని మన చిత్తూరు పైభాగం నుంచే వెళ్తాయి. మన వాన వాళ్ల వరద అవుతుంది. జిల్లాల సరిహద్దులు కాగితం మీద గీసినవే, నీళ్లు వాటిని చూసుకుని పారవు.

ఆ వారంలోనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడం మొదలైంది. అది విజయనగర రాజుల కాలం నాటి పెద్ద చెరువు. కట్ట కింది ఊళ్లను ఖాళీ చేయించి, బస్తాలు పేర్చి, నీటిమట్టం తగ్గించి కట్టను నిలబెట్టారు. అక్కడ జనం రోజుల తరబడి టెన్షన్‌తో గడిపారు, కానీ ముందే ఖాళీ చేయించడం వల్ల ధైర్యంగా ఉండగలిగారు. చెయ్యేటి కింది ఊళ్లకు ఆ వ్యవధి దొరకలేదు. విపత్తు నిర్వహణ అంటే ఏమిటో ఒకే వారంలో ఈ రెండు చోట్లా కనిపించింది. వాన రెండు చోట్లా ఒకటే. తేడా అంతా కట్ట కింది ఊళ్లకు కబురు అందిన సమయంలో ఉంది.

ఇదంతా వాతావరణ మార్పు వల్లేనా?

ఏదో ఒక్క వరదను పట్టుకుని ‘ఇది అందువల్లే వచ్చింది’ అనడం సరికాదు. అలా తేల్చడానికి ఆ వరద మీద ప్రత్యేకంగా అధ్యయనం జరగాలి. కానీ మొత్తం మీద పరిస్థితి ఎటు పోతోందో స్పష్టంగా తెలుస్తోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. 2021లో వచ్చిన ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఆరో నివేదిక ప్రకారం భూమి అప్పటికే పారిశ్రామిక యుగానికి ముందుకంటే 1.1 డిగ్రీలు వేడెక్కింది. 2024లో సగటు 1.5 డిగ్రీలు దాటింది. అలా దాటిన మొదటి సంవత్సరం అదే. బంగాళాఖాతం వేడెక్కినకొద్దీ తుపాన్లకు బలం, వానకు నీరు పెరుగుతాయి. ఫలితం ఏమిటంటే వాన రోజులు తగ్గి, పడ్డ రోజున ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. వానల మధ్య ఎండు రోజులు పెరుగుతాయి. మన రైతు దశాబ్దాలుగా చెబుతున్నదీ ఇదే.

ఒక హెచ్చరిక. ‘అంతా వాతావరణ మార్పే’ అనేస్తే పూడుకుపోయిన కాలువకు, ఆక్రమించిన వంకకు ఎవరూ జవాబు చెప్పనక్కర్లేకుండా పోతుంది. ఆకాశం నుంచి ఎంత నీరు పడాలో మన చేతిలో లేదు. పడ్డ నీరు ఎటు పోవాలన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఎండాకాలం ట్యాంకర్ల నీళ్లు, నవంబర్‌లో వరద. రెండూ ఒకే ఊళ్లో ఎలా?

రెండింటికీ మూలం ఒకటే కాబట్టి. ఏడాది పొడవునా పారే నది మన దగ్గర లేదు. స్వర్ణముఖి, చిత్తూరు మధ్యగా పోయే నీవా, పలమనేరు వైపు కౌండిన్య, కుప్పం వైపు పాలారు, అన్నీ వానొస్తేనే ఏరులు, లేకుంటే ఇసుక మేటలు. అందుకే మన పెద్దలు వాన నీటిని పట్టి ఆపడానికి గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండి మొరవ (అలుగు) పోతే ఆ నీరు వంకగుండా కింది చెరువుకు చేరుతుంది. ఆ గొలుసు బాగుంటే వరద నెమ్మదిస్తుంది, బావుల్లో ఊట పెరుగుతుంది. అది తెగిందంటే నవంబర్‌లో ఊరు మునుగుతుంది, ఏప్రిల్‌కు బోరు ఎండుతుంది.

చెరువు పొంగిన రోజు కట్ట మీదికి వెళ్లి చూస్తే కొన్ని విషయాలు తెలుస్తాయి. మొరవ దగ్గర నీరు అడ్డు లేకుండా పోతోందా, లేక ఎవరైనా చేపల కోసం వలో, అదనంగా నీరు నిలపడానికి మట్టిబస్తాలో అడ్డం పెట్టారా? కట్ట వెలుపలి వైపు, అంటే పొలాల వైపు, అడుగున ఎక్కడైనా నీరు ఊరుతోందా? ఊరే నీరు తేటగా ఉంటే కొంత ఊరట, అయినా కనిపెట్టుకుని ఉండాలి. బురదగా వస్తుంటే మాత్రం లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. ఎలుకల బొరియలు, ఎండ్రకాయల బొక్కలు, చనిపోయిన చెట్ల వేర్లు కుళ్లిన సందులు, పాత తూము చుట్టూ ఉన్న పగుళ్లు, నీరు దారి చేసుకునేది వీటిగుండానే. బురదనీరు కనిపిస్తే పొద్దున చూద్దాం అనుకోవద్దు. వెంటనే కింది ఊరికి, గ్రామ సచివాలయానికి చెప్పండి.

2021 డిసెంబర్‌లో డ్యామ్‌ల భద్రతా చట్టం వచ్చింది. అది ప్రధానంగా 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యామ్‌లకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల వాటిలో కొన్నే దాని కిందికి వస్తాయి. మన చిన్న ఊరి చెరువులు చాలావరకు దాని పరిధిలోకి రావు. వాటికి కాపలా ఊరే.

మా ఇల్లు చెరువు కింద ఉందో, చెరువులోనే ఉందో ఎలా తెలుస్తుంది?

స్థలం కొనేముందు ఈ ప్రశ్న అడిగినవాళ్లు తెలివైనవాళ్లు. సర్వే నంబరు పట్టుకుని రెవెన్యూ రికార్డు చూడండి. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో కనిపించే ఇప్పటి అడంగల్ (సాగు వివరాల రికార్డు) ఒక్కటే చాలదు. తహసీల్దార్ ఆఫీసులో పాత ఆర్‌ఎస్‌ఆర్ (భూములను వర్గాలుగా రాసిన పాత సర్వే రిజిస్టర్), గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) అడగండి. వాటిలో ‘చెరువు పోరంబోకు’, ‘వంక పోరంబోకు’, ‘కాలువ’ అని ఉంటే ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు. చదరంగా కనిపించే లేఅవుట్ మధ్యలో పటంలో ఒక వంకర గీత ఉందంటే అది వంకే. పైన ఎన్ని రోడ్లేసినా వాన రోజున నీరు పాత దారినే వెతుక్కుంటుంది. ఆ వీధిలో ముప్పయ్యేళ్లుగా ఉంటున్న పెద్దావిడను అడిగితే నీరు ఎంత ఎత్తు వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. ఆ కొలతకు మించిన ఆధారం మరొకటి లేదు.

చట్టం సంగతికొస్తే, చెరువుల వంటి ఉమ్మడి వనరులను ఇళ్ల స్థలాలుగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లోనే హించ్ లాల్ తివారీ కేసులో చెప్పింది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా నీటి వనరుల రక్షణకే ఉంది. ఆక్రమణలంటే మనకు గుడిసెలే గుర్తొస్తాయి. కానీ వంకను మూసి వేసిన లేఅవుట్లు, కాలువను ఇరుకు చేసి కట్టిన కాంపౌండ్లు నీటికి అంతకంటే పెద్ద అడ్డు. తొలగింపు న్యాయంగా జరగాలంటే అక్కడ మొదలుపెట్టాలి. గుడిసె వాళ్లకు ముందు మరోచోట నీడ చూపించాలి.

విపత్తు నిర్వహణ ఎవరి బాధ్యత? కలెక్టర్‌దా, ప్రభుత్వానిదా?

1999 ఒడిశా సూపర్ సైక్లోన్, 2001 భుజ్ భూకంపం, 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దాని ప్రకారం జాతీయ సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు. జిల్లాలో జడ్పీ చైర్‌పర్సన్ సహాధ్యక్షులు. అంతకు ముందు ప్రభుత్వం పని అంటే విపత్తు వచ్చాక బియ్యం, కిరోసిన్ పంచడమే. ఈ చట్టం మాత్రం నివారణ, నష్టం తగ్గించడం, సన్నద్ధత, ఆ తర్వాతే సహాయం, పునరావాసం అని వరస పెట్టింది.

జిల్లా సంస్థకు ఈ చట్టం సెక్షన్ 30 ఇచ్చిన బాధ్యతలు ఒకసారి చదవండి. ముప్పు ఉన్న ప్రాంతాలను గుర్తించడం, ముందస్తు హెచ్చరిక వ్యవస్థ నడపడం వాటిలో ఉన్నాయి. జిల్లాలో ఏ కట్టడమైనా విపత్తు నివారణ ప్రమాణాలు పాటించలేదని తేలితే సంబంధిత అధికారులతో చర్య తీయించడం కూడా ఉంది. అంటే వంక మీద లేచిన కట్టడం గురించి ప్రశ్నించడానికి వరద దాకా ఆగక్కర్లేదు. విపత్తు వేళ వాహనాలు, భవనాలు స్వాధీనం చేసుకునే అధికారాలూ ఇదే చట్టం ఇస్తుంది.

తిరుపతి నగరానికి విడిగా ఏమైనా ఏర్పాటు ఉందా?

విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో చేసిన సవరణ ఆ దారి తెరిచింది. రాజధానులకు, మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకు రాష్ట్ర ప్రభుత్వం విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పాటు చేయవచ్చు. దానికి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షులుగా, కలెక్టర్ ఉపాధ్యక్షులుగా ఉంటారు. తిరుపతి, చిత్తూరు రెండూ కార్పొరేషన్లే. తిరుపతిలో ఏ రోజు చూసినా వేలాది యాత్రికులుంటారు. వాళ్లకు ఊరి దారులు, లోతట్టు వీధులు తెలియవు, హెచ్చరిక తెలుగులో ఒక్కటే వస్తే అర్థం కాదు. నగర ప్రణాళికలో వాళ్లను లెక్కలోకి తీసుకోవాలి.

జిల్లా ప్రణాళికను మామూలు జనం చూడొచ్చా?

చూడాలి. విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 31 ప్రకారం ప్రతి జిల్లాకూ విపత్తు నిర్వహణ ప్రణాళిక ఉండాలి, ఏటా సమీక్షించాలి. సెక్షన్ 32 ప్రకారం జిల్లాలోని శాఖలూ తమ ప్రణాళికలు రాసుకోవాలి. కలెక్టరేట్‌లో అడగండి. ఇవ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. అది చేతికి వచ్చాక మీ ఊరి పేరు వెతకండి. పునరావాస కేంద్రంగా ఏ బడి పేరుంది? ఆ బడి వరదలో మునిగేదేనా? రాసిన ఫోన్ నంబర్లు పనిచేస్తున్నాయా? తప్పులుంటే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఒక్క ఊరు ఇలా అడిగినా ఆ మండలం పేజీ మారుతుంది.

రెడ్ అలర్ట్ అన్నారు, చినుకు పడలేదు. ఇక ఎందుకు నమ్మాలి?

అలర్టు జిల్లా మొత్తానికి ఇస్తారు, వాన జిల్లా అంతా ఒకేలా పడదు. కుప్పంలో ఎండ కాస్తున్నప్పుడే తిరుమలలో కుమ్మేయవచ్చు. వాయుగుండం కాస్త దక్షిణంగా జరిగినా లెక్క మారిపోతుంది. అయినా నమ్మాలి. ఏమీ జరగని రోజున పోయేది ఒక పూట పని, నమ్మకుండా ఉన్న రోజున పోయేది మనిషి.

వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు చర్య తీసుకోమని చెబుతాయి. తుపానుకైతే తీరంలో గాలివానలు మొదలవడానికి కనీసం 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక వస్తాయి. మొబైల్‌లో విపత్తు హెచ్చరికలు పంపే ‘సచేత్’ యాప్ పెట్టుకోండి. మన పాకాల దారిలో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, శ్రీహరికోటలోని రాడార్, రెండూ మన జిల్లాలోనే ఉన్నాయి. ఇంత దగ్గర ఇంత విజ్ఞానం ఉన్నప్పుడు వాట్సాప్‌లో తిరిగే ఆడియోను నమ్మాల్సిన అవసరం లేదు.

ఆపదలో ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

112 అన్నిటికీ. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ 1070, 1800 425 0101. జిల్లా కంట్రోల్ రూమ్ 1077. అంబులెన్స్ 108, అగ్నిమాపక శాఖ 101. కరెంటు తీగ తెగిపడితే 1912. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది కాబట్టి తలుపు వెనక పెన్నుతో రాసి పెట్టుకోండి.

ఖాళీ చేయమంటే ఇల్లు, ఆవులు వదిలేసి ఎలా వెళ్లేది?

మన జిల్లాల్లో చాలా ఇళ్లు పాల డబ్బు మీదే నడుస్తాయి, కాబట్టి ఈ భయం న్యాయమైనదే. పశువులతో సహా వెళ్లే చోటు ముందే చూసుకోవడం ఒక్కటే దారి. గట్టు మీది తోటో, ఎత్తున్న బంధువుల దొడ్డో అక్టోబర్ రాకముందే మాట్లాడుకోండి. చివరి నిమిషంలో కుదరకపోతే తాళ్లు విప్పి వదిలేయండి. కట్టేసిన ఆవు మునిగిపోతుంది, విడిచిన ఆవు ఈదుతుంది. ముసలివాళ్లను, గర్భిణులను, మంచంపట్టినవాళ్లను అందరికంటే ముందు, పగటి వెలుగులోనే తరలించండి. పట్టాదారు పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, మందుల చీటీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోటోలు తీసి దూరంగా ఉన్న బంధువుకు పంపండి.

రోడ్డు మీద కొంచెం నీళ్లే పారుతున్నాయి, బండి దాటించొచ్చా?

వద్దు. వేగంగా పారే నీరు చీలమండ దాటితే మనిషి తూలుతాడు, అడుగు లోతుంటే చిన్న కారు తేలుతుంది, రెండడుగులుంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పైగా ఆ నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనిపించదు. రైల్వే అండర్ బ్రిడ్జిల కింద నీరు నిమిషాల్లో పెరుగుతుంది.

వరద వస్తుందంటే సంపు ఖాళీ చేసి శుభ్రం చేసుకోవాలా?

చాలామంది చేసేది ఇదే, ఇది ప్రమాదం. 2021 వరదల్లో తిరుపతి ఎమ్మార్ పల్లి వైపు శ్రీకృష్ణానగర్‌లో భూమిలో ఉన్న సిమెంటు వరల సంపు నేలను చీల్చుకుని పైకి లేచింది. జనం ఏదో వింత అని గుంపులుగా చూడ్డానికి వెళ్లారు. కారణం నీటి ఒత్తిడే. చుట్టూ భూగర్భ నీటిమట్టం పెరిగిపోతే, లోపల బరువు లేని సంపు ఖాళీ కుండలా తేలుతుంది. అందుకే వాన పట్టినప్పుడు సంపును నిండుగా ఉంచండి. శుభ్రం చేసే పని వానలు వెలిశాక పెట్టుకోండి. మూత గట్టిగా బిగించండి. వరద నీరు కలిస్తే ఆ నీటిని కాచకుండా తాగొద్దు.

నష్టపోతే సాయం ఎంతొస్తుంది?

కేంద్రం 2022–26 కాలానికి ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మరణానికి 4 లక్షల రూపాయలు, పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1.2 లక్షలు, గుడిసెకు 8 వేలు. పాడి ఆవు, గేదె చనిపోతే 37,500, గొర్రె, మేకకు 4 వేలు. పంట 33 శాతం, అంతకు మించి పోతే హెక్టారుకు వర్షాధారానికి 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, మామిడి లాంటి బహువార్షిక తోటలకు 22,500, అదీ రెండు హెక్టార్ల దాకానే. వర్షాధార వేరుశనగకు ఎకరాకు లెక్కేస్తే సుమారు 3,400. విత్తనం ఖర్చుకే చాలని మొత్తం. రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చి ఇంతకంటే పెంచవచ్చు, కాబట్టి ఆ ఏడాది జీవో చూసుకోండి.

ఈ డబ్బు రాష్ట్ర విపత్తు నిధి నుంచి వస్తుంది. అందులో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 75 శాతం. 15వ ఆర్థిక సంఘం మొత్తం నిధిలో 80 శాతం సహాయానికి, 20 శాతం ముందస్తు నివారణకు విడగొట్టింది. ఆ 20 శాతంలో మన చెరువు కట్టలకు, వంకలకు ఎంత వచ్చిందని ప్రజాప్రతినిధులను అడగండి. ఎక్స్‌గ్రేషియా గురించి అడిగినంత గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది.

పంట నష్టం జాబితాలో పేరు రావాలంటే?

ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం ఆన్‌లైన్‌లో చేసే పంట నమోదులో, మీ పంట ఉండాలి. రైతులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వేసింది టమాటా, నమోదైంది వేరుశనగ అయితే ఎన్యూమరేషన్‌లో (నష్టం లెక్కింపులో) చిక్కు వస్తుంది. సామాజిక తనిఖీ జాబితా రైతు సేవా కేంద్రంలో పెట్టినప్పుడే చూసుకుని సరిచేయించుకోండి. కౌలు రైతులు 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోండి. బీమా చేసిన పంట వడగళ్లకో, ముంపుకో పోతే 72 గంటల్లోపు పంటల బీమా హెల్ప్‌లైన్ 14447కు చెప్పాలి. తేదీ కనిపించేలా పొలంలో ఫోటోలు తీయండి. నీరు తగ్గేదాకా ఆగి తీస్తే ముంపు కనిపించదు.

మండలాన్ని కరవు మండలంగా ఎలా ప్రకటిస్తారు?

2016 నాటి కరవు నిర్వహణ మాన్యువల్ ప్రకారం ముందు వర్షపాతం లోటు, వరసగా మూడు నాలుగు వారాల వాన ఎడం చూస్తారు. తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పైరు పచ్చదనం, నేల తేమ, జలాశయాలు, భూగర్భ జలాలు చూస్తారు. ఆపైన ఎంపిక చేసిన గ్రామాల్లో పొలాలు తనిఖీ చేస్తారు. ఖరీఫ్‌కు అక్టోబర్ ఆఖరుకు, రబీకి మార్చి ఆఖరుకు ప్రకటన రావాలి. లోపమెక్కడంటే సగటు లెక్క రైతు కష్టాన్ని పట్టుకోదు. వేరుశనగ ఊడలు దిగే సమయంలో వాన ఆగిపోయి, పీకే సమయంలో తుపాను కుమ్మేస్తే సీజన్ వర్షపాతం ‘సాధారణం’ అని వస్తుంది. చెట్టుకు మాత్రం కాయ ఉండదు. తనిఖీకి వచ్చినవాళ్లకు మొక్క పీకి చూపించండి.

వడదెబ్బ కూడా విపత్తేనా?

మనుషుల్ని చంపే లెక్కలో కచ్చితంగా. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. అయినా 2021–26 కాలానికి కేంద్రం గుర్తించిన 12 విపత్తుల జాబితాలో చలిగాలులున్నాయి, వడగాలులు లేవు. రాష్ట్రాలు స్థానిక విపత్తుగా గుర్తించి తమ నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు. ఈ జాబితా మారాలి.

మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలుకంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి అంటారు. ఇటుక బట్టీల్లో, ఉపాధి పనుల్లో ఉన్నవాళ్లు పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేయాలి. మేస్త్రీలు దీన్ని దయ కింద కాక బాధ్యతగా చూడాలి. మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతూ, చెమట పట్టకుండా ఉంటే అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కు ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

పిడుగుల నుంచి ఎలా తప్పించుకోవాలి?

ఉరుము వినిపించిందంటే మీరు పిడుగు పడే దూరంలోనే ఉన్నారు. మామిడి చెట్టు కిందికి పరుగెత్తొద్దు, పక్కా ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ‘దామిని’ యాప్ దగ్గరలో పడే పిడుగుల గురించి చెబుతుంది.

‘కట్ట తెగింది’ అని మెసేజ్ వస్తే పంపొద్దా?

మీరు చూడనిది పంపొద్దు. భయపెట్టే తప్పుడు హెచ్చరికకు విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 54 కింద ఏడాది దాకా జైలు ఉంది. నిజంగా కట్ట ఊరుతుంటే మాత్రం నోరు మూసుకోవాల్సిన పనిలేదు. ఫోటో, చెరువు పేరు, సమయం రాసి 1077కు, సచివాలయానికి చెప్పండి, కింది ఊరి వాళ్లకు నేరుగా ఫోన్ చేయండి.

మా ఊరి కుర్రాళ్లు ఏం చేయగలరు?

‘ఆపద మిత్ర’ పథకం కింద వాలంటీర్లకు రక్షణ పనుల్లో శిక్షణ ఇస్తున్నారు. జిల్లా విపత్తు విభాగంలో అడగండి. అది దొరికినా దొరక్కపోయినా సెప్టెంబర్‌లో చేయగల పనులున్నాయి. మొరవ, వంక, కల్వర్టుల్లో ముళ్లకంప, ప్లాస్టిక్ తీయించడానికి పంచాయతీలో తీర్మానం పెట్టించండి. పెద్ద పూడిక ఉంటే ఉపాధి హామీ పనిగా రాయించండి. పై చెరువు ఊళ్లో ఇద్దరి నంబర్లు, కింది చెరువు ఊళ్లో ఇద్దరి నంబర్లు తీసుకోండి. వాన రాత్రి కట్ట మీద ఎవరెవరు తిరగాలో వంతులు వేసుకోండి, ఒంటరిగా ఎవరినీ పంపొద్దు. టార్చి, తాడు, విజిల్ గుడి దగ్గరో బడి దగ్గరో అందరికీ తెలిసిన చోట ఉంచండి. మైకు ఉన్న గుడి, మసీదు, చర్చి వాళ్లతో ముందే మాట్లాడి, ఏ గంటలోనైనా మైకు వేసే మనిషి ఎవరో తేల్చుకోండి. కరెంటు పోతుంది కాబట్టి ఆ మైకుకు బ్యాటరీ ఉందో లేదో కూడా చూడండి.